అమ్మ వేలి మీద వెండి నీళ్లు

ఈ మధ్య మా నియోజకవర్గానికి ఉప ఎన్నిక వచ్చింది. మూసీకి ఇవతలి ఒడ్డున ఇల్లు కట్టుకుని ఏళ్లు గడిచినా ఓటరు జాబితాలో నా పేరు పక్కన ఇంకెవరిదో ముఖం ఉంటుంది. దాని మీద మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అయినా వెళ్లి బడి వరండాలో వరుసలో నిలబడ్డాను. బల్ల దగ్గరి అమ్మాయి సిరా సీసా మూత తీసి, "ఆంటీ, ఎడమ చెయ్యి" అంది. నేను ఇవ్వలేదు. ఇవ్వకూడదని కాదు, చెయ్యి రాలేదు. కొంగు కింద పిడికిలి బిగుసుకుపోయింది. వెనక నుంచి ఎవరో "జల్దీ కానియ్యమ్మా, పనులున్నయ్" అన్నారు. ఆ మాట అన్నదెవరో వెనక్కి తిరిగి చూసి పెట్టుకున్నాను. ఆకుపచ్చ చీర, బంగారు రంగు కళ్లద్దాలు.

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. నా వేలికి ఆ భయం శాలిబండలో పట్టుకుంది, నాకు పదేళ్లప్పుడు, ఇలాంటిదే ఒక ఉప ఎన్నికలో.

మాది అద్దాల కార్ఖానా. పెద్దదేమీ కాదు. ముందు రేకుల గది, అందులో ఒక పొడుగాటి బల్ల. వెనక మేముండే గది, వంటిల్లు, చిన్న వాకిలి. బాపు, చాచా ఇద్దరూ కలిసి నడిపేవారు. చాచా అంటే బాపుకు చిన్నప్పటి నుంచీ పని నేర్పిన ఉస్తాద్ కొడుకు. మా ఇంటి నుంచి మూడిళ్ల అవతల ఉండేవాడు. మామూలు గాజు పలకలు లోపలికి వచ్చేవి, అద్దాలై బయటికి పోయేవి. మంగలి దుకాణాలకు, గాజుల దుకాణాలకు, పెళ్లి బీరువాలకు మా అద్దాలే.

గాజును కడిగి బల్ల మీద పరిచి, బాపు దాని మీద వెండి నీళ్లు పోసేవాడు. వెంటనే చాచా ఇంకో మందు కలిపేవాడు. ముక్కుపుటాలు మండే వాసన లేచేది. గాజు ముందు మబ్బు పట్టినట్టయ్యేది, తర్వాత మట్టిరంగు తిరిగేది, ఆ తర్వాత చూస్తుండగానే తళతళలాడేది. వెనక పూత ఎండాక పలకను తిప్పి నిలబెడితే, అందులో మొదట ముఖం చూసుకునే హక్కు నాది. ఎవరింటికో పోయే ప్రతి అద్దమూ ముందు నన్ను చూసి పోయింది. వానాకాలం సాయంత్రాల్లో ఆ మందు ఘాటు, అమ్మ పెనం మీద ఒత్తిన సర్వపిండి కమ్మదనం, చాచా తెప్పించిన ఇరానీ చాయ్ ఆవిరి అన్నీ కలిసి ఒకే వాసనగా ఉండేవి. ఇప్పుడు ఆ వాసన ఎక్కడా లేదు.

వెండి నీళ్ల సీసాకు నల్ల కాగితం చుట్టి, వెలుతురు తగలని గూట్లో పెట్టేవారు. చూడటానికి మంచినీళ్లలాగే ఉంటాయి. వేలి మీద పడితే మొదట ఏమీ కనిపించదు. ఎండ తగిలిందా, నల్లగా మారుతుంది. సబ్బుకు పోదు, చింతపండుకు పోదు, గాసునూనెకు పోదు. ఆ తోలు ఊడిపోయి కొత్త తోలు వస్తేనే పోతుంది. బాపు వేళ్లు పదీ మచ్చలే. మందు పళ్లేలు కడిగే అమ్మ చేతికి కూడా అప్పుడప్పుడు ఒకటీ రెండూ అంటుకునేవి. నేను మాత్రం ఆ గూటి దగ్గరికి వెళ్లకూడదు. "సీసా ముట్టినవంటే చెయ్యి ఇర్గగొడ్త" అని బాపు అన్నాడు. ఆయన అలా అన్నది నా జన్మలో అదొక్కసారే.

మా ఎమ్మెల్యే పదవిలో ఉండగానే కాలం చేశాడు. అందుకని మా ఒక్క సీటుకే ఓట్లు వచ్చాయి. మామూలు ఎన్నికలైతే లొల్లి ఊరంతా పంచుకుంటుంది. ఉప ఎన్నికలో ఊరి లొల్లి మొత్తం మా గల్లీల్లోకే వచ్చి పడింది. ఎక్కడెక్కడి జీపులో, ఎక్కడెక్కడి మనుషులో. చౌరస్తాలో పోలీసు లారీ ఒకటి వచ్చి నిలబడి కదల్లేదు. అమ్మ అటుకులు, గాసునూనె ముందే తెచ్చి పెట్టింది. కర్ఫ్యూ పెడతారట అని నల్లా దగ్గర ఆడవాళ్లు మాట్లాడుకున్నారు. ఎవరు పెడతారో, ఎందుకు పెడతారో ఎవరికీ తెలియదు.

అద్దాలు చేసేవాళ్లకు రాయి అంటే ఉండే భయం ఇంకెవరికీ ఉండదు. ఆ నెలంతా పొద్దుగుంకేసరికి బాపు, చాచా తయారైన అద్దాలకు పాత బొంతలు కప్పి గోడకు ఆనించేవారు. పిల్లల్ని పడుకోబెట్టినట్టు మెల్లగా.

"ఏక్ పత్థర్, బస్" అనేవాడు చాచా. "ఎవరు గెల్సినా మనకే పగుల్తది భాయ్."

గల్లీ మూల బట్టల సేటు ఒక అభ్యర్థి తరఫు మనిషి. మా కార్ఖానా తలుపు మీద పోస్టరు అంటించడానికి జిగురు డబ్బాతో వచ్చాడు. బాపు చేతులు అడ్డం పెట్టి, "వద్దు సేటూ. మాది రెండిండ్ల కార్ఖానా. ఏ గుర్తూ వద్దు" అన్నాడు. చాచా కూడా, "నక్కో సేటూ, బురా మత్ మానో" అని ఏమనుకోవద్దన్నాడు.

"సరే తియ్. యాదికుంచుకుంట" అని సేటు జిగురు డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు గల్లీ పిల్లలందరికీ పిన్నీసుతో గుండెకు పెట్టుకునే కాగితం బిళ్లలు పంచాడు. నా వంతు వచ్చేసరికి డబ్బా మూత పెట్టేశాడు. "నీకేంటికి బిడ్డా? మీ బాపునడుగు" అన్నాడు. డబ్బాలో ఇంకా బిళ్లలున్నాయి, నేను చూశాను. పెద్దమనిషి, చిన్నపిల్ల ముందు మూత పెట్టాడు. దాన్ని నేను అప్పుడూ మరిచిపోలేదు, ఇప్పుడూ మరిచిపోలేదు.

ఓట్ల ముందు రోజు మైకులన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం మైకులకన్నా భయంగా ఉంది. మధ్యాహ్నం మా వాకిట్లో పిల్లలం ఓట్లాట మొదలుపెట్టాం. గాజుల పెట్టెకు కంత చేసి ఓట్ల డబ్బా అన్నాం. బిళ్లలు వాళ్ల నాయన పంచినవి కాబట్టి సేటు కూతురే ఆఫీసరు. బిళ్ల లేని నన్ను వరుసలో నిలబడే ముసలమ్మను చేశారు.

"నాకు బిళ్ల లేకపోతేంది? నా తాన అసలు సిరా ఉన్నది" అన్నాను.

"యాడుంది? సూపెట్టు."

బాపు, చాచా బహదూర్‌పురాలో ఒక మంగలి దుకాణానికి అద్దం బిగించడానికి పోయారు. గూటి దగ్గరికి వెళ్లాను. సీసా మూతలోకి కాసిన్ని వెండి నీళ్లు ఒంపి, అగ్గిపుల్ల తీసుకుని వచ్చి ఆఫీసరు పీట మీద కూర్చున్నాను. ఒక్కొక్కరి ఎడమ చూపుడు వేలికి, గోరు మొదట్లో, పెద్దవాళ్లకు పెట్టగా చూసినట్టే పెట్టాను.

"గివి నీళ్లే!" అని సేటు కూతురు నవ్వింది.

"ఆగు. జర సేపు ఆగు."

పిల్లలు వెళ్లిపోయాక మూతలో ఇంకొంచెం మిగిలింది. వరండాలో మంచం మీద అమ్మ కునుకు తీస్తోంది. ఎడమ చెయ్యి కిందికి వేలాడుతోంది. నా ఆటలో పెద్దవాళ్లెవరూ ఓటు వెయ్యలేదు. వంగి, ఊపిరి బిగబట్టి, అమ్మ చూపుడు వేలి గోరు మొదట్లో ఒక చుక్క పెట్టాను. చాలా శుభ్రంగా వచ్చింది.

సాయంత్రానికి గల్లీలో నాలుగిళ్ల నుంచి ఏడుపులు వినిపించాయి. వేళ్లు నల్లబడ్డ పిల్లలకు దెబ్బలు పడ్డాయి. ఇంకా తంతారని ఎవరూ నా పేరు చెప్పలేదు. అమ్మ కూడా తన వేలు చూసుకుంది. "పళ్లేలు కడిగిన గదా, అంటింది" అని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. నేను గండం గడిచిందనుకున్నాను. అంతలో గల్లీలోకి పోలీసు జీపు వచ్చింది. మైకులో ఒక గొంతు నింపాదిగా చెప్పుకుంటూ పోయింది: దొంగ ఓటు వేసేవాళ్లను పట్టుకుంటాం, ఒకసారి వేసి మళ్లీ వచ్చినవాళ్లకు జైలు, వేలు చూసి పట్టుకుంటాం.

వేలు చూసి.

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. దీపం వెలుగులో ఆ నల్ల చుక్క చేటలో అటూ ఇటూ తిరుగుతోంది. చెబితే బాపు చెయ్యి విరగ్గొడతాడు. చెప్పకపోతే అమ్మను తీసుకుపోతారు. చెప్పలేదు.

అమ్మకు అది మొదటి ఓటు. అంతకుముందు ఎన్నికల్లో జాబితాలో ఆమె పేరే లేదు. "ఆడోళ్లది ఒక్కటి లేకుంటే ఏమాయె" అన్నాడు బాపు. అమ్మ ఆ మాట పట్టుకుని రేషన్ కార్డుతో తనే రెండుసార్లు ఆఫీసుకు వెళ్లి పేరు ఎక్కించుకుంది. పౌరుషం నాకు ఆమె దగ్గరి నుంచే వచ్చింది. ఓట్ల రోజు పొద్దున్నే తలంటుకుని, పెళ్లిళ్లకు కట్టే వంకాయరంగు చీర కట్టుకుంది.

"అమ్మా, ఇయ్యాల పోకే" అన్నాను.

"ఎందుకే?"

"లొల్లయితదట."

"అయితే గానీ. నా ఓటు ఉన్నది. నేనేస్త."

"నిమ్మకాయతోని వేలు కడుక్కో."

అమ్మ నా వంక ఒక్క క్షణం చూసింది. "పోతదా అది? నువ్వు గూడ నడువు" అని నా చెయ్యి పట్టుకుంది.

బాపు అప్పటికే ఓటు వేసి వచ్చి, ఓట్లు పెట్టిన బడి బయట నిలబడ్డాడు. ఆయన పది వేళ్లూ చూసి ఆఫీసరు నవ్వి, సిరా ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి అన్నాడట. ఆ మాట విని నాకు కాస్త ప్రాణం లేచి వచ్చింది. ఆడవాళ్ల వరుస మెల్లగా కదిలింది. మబ్బు పట్టి ఉంది. గది లోపల బెంచీ మీద అభ్యర్థుల ఏజెంట్లు కూర్చున్నారు. అందులో మా బట్టల సేటు ఉన్నాడు.

ఆఫీసరు అమ్మ వేలు పట్టుకుని, కళ్లద్దాలు పైకి తోసి చూశాడు. "ఏమ్మా, ఇదివరకే వేసేశారు కదా?"

"లేదు సార్. ఇప్పుడే వస్తున్న. గిది పని మరక. మాది అద్దాల పని."

అప్పుడు సేటు, అమ్మ ముఖం చూడకుండా, బెంచీ మీద నుంచే అన్నాడు: "పొద్దుగాల గూడ వచ్చింది సార్. గిదే చీర."

వరుసంతా గుసగుసలైంది. "చోర్ ఓట్" అంది ఎవరో. మా వెనక నిలబడ్డ పొరుగింటావిడ రెండడుగులు వెనక్కి జరిగింది. అలా జరగడం కూడా నాకు గుర్తుంది. ఆఫీసరు ఒక తెల్ల కాగితం తీసి అమ్మ పేరు రాశాడు. కానిస్టేబులు అమ్మను వరండా చివరికి తీసుకుపోయి, "కూసో ఈడ. బండి వస్తది" అన్నాడు. అక్కడ అప్పటికే ఇద్దరు మగవాళ్లు, ఒక ముసలామె నేల మీద కూర్చుని ఉన్నారు. వంకాయరంగు చీరతో అమ్మ ఆ బురద కాళ్ల గుర్తుల మధ్య కూర్చుంది. ఎడమ చెయ్యి కొంగులో దాచుకుంది.

బాపును పిలిపించారు. ఆయన పరిగెత్తుకుని వచ్చి రెండు చేతులూ చాపాడు. "సాబ్, సూడుండ్రి. మా ఇంట్ల అందరియి గిట్లనే ఉంటయ్."

"మీ చేతుల నిండా ఉన్నాయి. ఆవిడకు ఒకటే చుక్క. సరిగ్గా గోరు మొదట్లో. పని మరక ఇంత ముద్దుగా పడుతుందా?" అన్నాడు ఆఫీసరు.

బాపు ఆ వేలు చూశాడు. చేతులు జోడించి, "తప్పైంది సాబ్. ఇడ్సిపెట్టుండ్రి" అన్నాడు.

ఏం తప్పైంది? చెయ్యని తప్పును ఒప్పుకున్నాడు. సేటు నవ్వాడు. నేను అక్కడి నుంచి పరిగెత్తాను.

అంత ఖాళీ గల్లీని నేనెప్పుడూ చూడలేదు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. నా చెప్పుల చప్పుడు నా వెనకాలే ఎవరో వస్తున్నట్టు వినిపించింది. చౌరస్తాలో లారీ ఇంజను నడుస్తోంది. అదే అమ్మ కోసం పోయే బండి అనుకున్నాను. కార్ఖానాలో చాచా ఒక్కడే బొంతలు కప్పిన అద్దాలకు కాపలా కూర్చున్నాడు.

"కైకూ రోతీ బేటీ? క్యా హువా?"

ఏడుస్తూ అంతా చెప్పాను. సీసా ముట్టిన సంగతి కూడా. చాచా తిట్టలేదు. లేచి, గూట్లోని సీసా నుంచి ఒక చిన్న బుడ్డిలోకి వెండి నీళ్లు ఒంపి, నల్ల కాగితం చుట్టి, "చల్" అన్నాడు. ఇద్దరం ఉరికాం. బడి గేటు దగ్గర పోలీసు ఆయన్ని ఆపేశాడు. "ఓటేసినోళ్లు లోపలికి పోవద్దు, చాచా." ఆయన బుడ్డి నా చేతిలో పెట్టి, "తూ జా. గిరానా నక్కో, ఒలకనియ్యకు" అన్నాడు.

నేను వరండా మెట్లెక్కగానే ఒకావిడ కేక పెట్టింది. "పిల్ల చేతిల సీసా! యాసిడ్! యాసిడ్!"

వరుస చెదిరిపోయింది. ఎవరి మోచెయ్యో నా చెంపకు తగిలింది. లాఠీ ఒకటి నా తల మీదికి లేచి ఆగిపోయింది. మీసాల హెడ్డు కానిస్టేబులు నా మణికట్టు పట్టుకున్నాడు. నాకు బట్టల్లోనే అయిపోయింది. అది కూడా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే దానికి కూడా ఆ రోజు కొందరు నవ్వారు.

"ఏందది?"

"వెండి నీళ్లు సార్. నేనే పెట్టిన. అమ్మ పండుకున్నప్పుడు ఓట్లాటల నేనే పెట్టిన. అమ్మ దొంగ గాదు."

అమ్మ నేల మీద నుంచి లేచింది. కానిస్టేబులు కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

"అబద్ధం సార్! దానికేం ఎరుక లేదు. చిన్న పిల్ల, భయపడి ఏందో ఒర్లుతున్నది. అది ఏం ముట్టలే. పనిల నాకే అంటింది."

"నేనే పెట్టిన!"

"నోర్ముయ్యే! అబద్ధాలాడుతది సార్ ఇది."

హెడ్డు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆఫీసరు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సేటు ఆయన భుజం మీదుగా తొంగిచూశాడు. చివరికి హెడ్డు తన ఎడమ చెయ్యి నా ముందు చాపాడు.

"పెట్టు. సూద్దాం."

అగ్గిపుల్ల ఎవరో ఇచ్చారు. మొదటి చుక్క కింద పడింది. రెండోది ఆయన గోరు మొదట్లో పడింది. నీళ్ల చుక్క. ఏ రంగూ లేదు.

"గివి నీళ్లే గద!" అన్నాడు సేటు. ముందు రోజు ఆయన కూతురన్న మాటే.

"ఎండ తగల్నియ్యాలె సార్" అన్నాను.

ఎండ ఎక్కడుంది? చార్మినార్ వైపు నుంచి మబ్బు ఒత్తుకుని వస్తోంది. హెడ్డు మెట్ల మీదికి వచ్చి వేలు ఆకాశానికి చూపిస్తూ నిలబడ్డాడు. బడి ముందున్న మనుషులంతా ఒక పోలీసాయన వేలి వంక చూస్తున్నారు. గేటు బయట లారీ హారను మోగింది. కానిస్టేబులు ఇద్దరు మగవాళ్లనీ ముసలామెనీ లేపాడు. అమ్మను కూడా లెమ్మన్నాడు. "జర ఆగు" అన్నాడు హెడ్డు. నేను ఏ దేవుడికి మొక్కానో నాకు తెలియదు. అందరికీ మొక్కాను. మబ్బు చిరిగి కాసింత వెలుతురు పడింది. ఆయన గోరు పక్కన చాయ్ మరకలాంటిది కనిపించింది. అది కొంచెం కొంచెంగా కాఫీ రంగు తిరిగింది. తర్వాత నల్లబడింది.

హెడ్డు దాన్ని బొటనవేలితో రుద్దాడు. ఉమ్ము పెట్టి రుద్దాడు. పోలేదు.

"ఈ వేలుతోని ఇంటికి పోతే నా పెండ్లాం ఎన్ని ఓట్లేసినవంటదో" అన్నాడు. జనం నవ్వారు. అమ్మను వదిలిపెట్టారు. మిగతా ముగ్గురినీ లారీ ఎక్కించారు.

అమ్మ మాత్రం కదల్లేదు. ఆఫీసరు ముందుకు వెళ్లి, "మరి నా ఓటు సార్?" అంది.

"వేలి మీద గుర్తు ఉన్నవాళ్లకు బ్యాలెట్ ఇవ్వకూడదమ్మా. వదిలేశాం, సంతోషించి వెళ్లండి."

"నేను ఎయ్యలే గద సార్?"

"వెళ్లండమ్మా."

మూడోసారి కూడా అడిగింది. ఆయన తర్వాతి వాళ్లను పిలిచాడు.

ఇంటికి రాగానే అమ్మ నీళ్లు కాచింది. నన్ను వాకిట్లో నిలబెట్టి బట్టలు విప్పి, వేడినీళ్లు పోసింది. బాపు ఒక మూల కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. ఆయన నన్ను కొట్టలేదు.

"నేను నిజమే చెప్పిన గదా" అన్నాను.

"నాకెరుకే. నువ్వు పెట్టినప్పుడు నేను నిద్రపోలే. వేలుకు సల్లగ తాకె. ఆడుకుంటున్నది తియ్ అనుకున్న."

"మరి అబద్ధమని ఎందుకన్నవ్? అందరి ముందర?"

"నిన్ను గూడ లారీ ఎక్కిస్తే?" అని చెంబుడు నీళ్లు నా తల మీద గుమ్మరించింది. నాకు ఊపిరి ఆడలేదు. ఆమె ఏడుస్తోందో, ఆవిరి వల్ల అలా కనిపించిందో తెలియలేదు.

ఆ ఎన్నికలో సేటు మనిషే గెలిచాడు. గెలిచిన రోజు ఇంటింటికీ మిఠాయి పంపితే అమ్మ వద్దనకుండా తీసుకుంది. నా వంతు జిలేబీని నేను మోరీలో పడేశాను. సేటు బతికినన్నాళ్లూ ఆయన దుకాణంలో జానెడు గుడ్డ కొనలేదు. ఆయన ఒక్కసారి కూడా తప్పైందని అనలేదు. తప్పైందన్నది మా బాపు ఒక్కడే. తెల్ల కాగితం మీద రాసిన అమ్మ పేరు కొట్టేశారా లేదా అని పెద్దయ్యాక రెండు ఆఫీసులకు ఉత్తరాలు రాశాను. అంత పాత కాగితాలు ఉండవని ఒక చోట నుంచి జవాబు వచ్చింది. ఉండవంటే కొట్టేసినట్టు కాదు.

ఫ్యాక్టరీ అద్దాలు వచ్చాక మా కార్ఖానా మూతపడింది. చాచా పోయాడు, బాపు పోయాడు. అమ్మ చాలాకాలం బతికింది. ఆ తర్వాత వచ్చిన ఏ ఎన్నికలోనూ ఓటు వెయ్యకుండా ఉండలేదు. నేను ఆమెను నిలదీసిన సందర్భాలు చాలా ఉన్నాయి. నిజం చెప్పిన పిల్లను పట్టుకుని అందరి ముందూ అబద్ధాలకోరు అన్నావు, అక్కడివాళ్లలో ఒక్కరికైనా తర్వాత నిజం చెప్పావా అని. ఆమె నవ్వేది. ఎందుకన్నదో నాకు తెలుసు. తెలిసినా ఆ బాధ పోలేదు.

ప్రతిసారీ ఓటుకు బయల్దేరే ముందు నా దగ్గరికి వచ్చి, రెండు చేతులూ ముందుకు చాపి, బోర్లించి, వెల్లకిలా తిప్పి, "సూడే, ఏం లేదు గదా?" అనేది. ఆమెకు అదొక పరాచికం. నాకు మాత్రం కాదు. ఆ చేతులు పట్టుకుని వెలుతురులోకి తీసుకుపోయి, ఒక్కొక్క వేలూ, ఒక్కొక్క గోరూ చూసి, అప్పుడు వెళ్లమనేదాన్ని.